శ్వాసనాళ సంరక్షణ – మూడవ పాఠం: కఫ్ ఒత్తిడిని కొలవడం

గత పాఠంలో, వెంటిలేటర్ కోసం నోటి ద్వారా శ్వాసనాళంలోకి పెట్టే గొట్టం లోతును పళ్ల దగ్గర గుర్తించి, కట్టు బిగించే పద్ధతి చూశాం. ఈ పాఠం గొట్టం చివరన ఉండే గాలి బుడగ, అంటే కఫ్ గురించి. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల ఆసుపత్రులలో వెంటిలేటర్ రోగులను చూసుకుంటున్న తెలుగు నర్సులను దృష్టిలో ఉంచుకొని దీనిని రాస్తున్నాను.

శ్వాసనాళం ముందు, పక్క భాగాలను గుర్రపునాడా ఆకారంలోని మృదులాస్థి వలయాలు నిలబెడతాయి. వెనుక వైపు ఉన్నది పలుచని కండర పొర మాత్రమే. దాని వెనుకనే అన్నవాహిక ఉంటుంది. కఫ్ ఉబ్బినప్పుడు లోపలి పొరలోని సన్నని రక్తనాళాలు నలుగుతాయి. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ అనే వైద్యులు ఎండోస్కోపీతో పరిశీలించి, ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటి మట్టం (ఒత్తిడిని నీటి స్తంభం ఎత్తుతో చెప్పే కొలమానం) దాటితే ఆ పొరకు రక్తప్రసరణ తగ్గుతుందనీ, 50 దగ్గర దాదాపు ఆగిపోతుందనీ చూపారు. రక్తం అందని పొర పుండు పడుతుంది, పుండు మృదులాస్థిని తినివేస్తుంది, మానేటప్పుడు మచ్చకట్టి నాళాన్ని ఇరుకు చేస్తుంది. పుండు వెనుక గోడలో పడితే అన్నవాహికలోకి రంధ్రమే ఏర్పడవచ్చు.

కోవిడ్ రోగులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, చాలా రోజులు వెంటిలేటర్‌పై ఉన్న 30 మంది కోవిడ్ రోగులలో 14 మందికి నాళం గోడ పూర్తి మందంలో దెబ్బతింది. కోవిడ్ లేని రోగులలో అలా జరిగింది 45 మందిలో ఒక్కరికే. కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి: వారాల తరబడి గొట్టం ఉండడం, రోజుకు 12 నుంచి 16 గంటలు బోర్లా పడుకోబెట్టడం, గాయం మానడాన్ని నెమ్మదింపజేసే స్టెరాయిడ్లు, మధుమేహం, రక్తపోటు పడిపోయి లోపలి పొరకు రక్తం చాలకపోవడం. వీటిలో చాలావాటిని మనం మార్చలేం. కఫ్ ఒత్తిడి మాత్రం పూర్తిగా నర్సు చేతిలో ఉన్నది, అందుకే ఈ పాఠానికి ఇంత ప్రాధాన్యం ఇస్తున్నాను.

పైలట్ బెలూన్‌ను, అంటే కఫ్‌కు కలిపి బయట ఉండే చిన్న బుడగను, వేళ్లతో నొక్కి "సరిపోయింది" అనడం మన వార్డులలో పాతుకుపోయిన అలవాటు. దయచేసి దానిని మానండి. ఎంత అనుభవజ్ఞుల వేలైనా 30కీ 60కీ తేడాను నమ్మకంగా చెప్పలేదు. కఫ్ ఒత్తిడిని కొలిచే మీటరే వాడాలి.

ముందుగా రోగికి స్పృహ లేకపోయినా చేయబోయేది చెప్పండి. తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తులో ఉన్నదో లేదో చూసి, నోటిలోనూ కఫ్ పైనా చేరిన స్రావాన్ని సక్షన్ చేయండి. మీటరు ముల్లు సున్నా దగ్గర ఉండాలి. దానిమీద ఏ కొలమానం ఉన్నదో చదవండి: పాదరస మిల్లీమీటర్లలో 25 అంటే నీటి మట్టంలో 34, అంటే అప్పటికే హద్దు దాటినట్టే. మీటరు తగిలించిన క్షణంలోనే కఫ్ గాలి కొంత మీటరు గొట్టంలోకి పోతుంది కనుక, కనబడే అంకె అసలు ఒత్తిడికంటే కొంత తక్కువగా ఉండవచ్చు. ఊపిరి బయటికి పోయే ఘట్టం చివర అంకె చదివి, నీటి మట్టంలో 25కూ 30కూ మధ్యకు తెచ్చి, మీటరు తీసి, సమయంతో సహా చార్టులో రాయండి. కఫ్ గాలి మొత్తం తీసి మళ్లీ నింపే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వైరస్ ఉన్న గాలి వార్డులోకి వస్తుంది, నోటి స్రావం ఊపిరితిత్తులలోకి జారుతుంది.

30 దగ్గర కూడా గాలి లీకవుతుంటే ఇంకా గాలి ఎక్కించకండి. గొట్టం పైకి జారి కఫ్ స్వరతంత్రుల మధ్యకు వచ్చి ఉండవచ్చు. పళ్ల దగ్గరి గుర్తు చూసి వైద్యునికి చెప్పండి.

ప్రతి షిఫ్టులో కనీసం ఒకసారి, బోర్లా తిప్పినప్పుడూ తిరిగి వెల్లకిలా తిప్పినప్పుడూ కొలవాలి. మన ప్రాంతానికి మరొక సందర్భం ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు; అక్కడినుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖపట్నం తీసుకువెళ్లే రోగికి, కిందికి వచ్చే కొద్దీ బయటి గాలి ఒత్తిడి పెరిగి కఫ్ కుంచించుకుపోతుంది, స్రావం జారే వీలు కలుగుతుంది. పైకి తీసుకువెళ్లేటప్పుడు అదే కఫ్ ఉబ్బి గోడను నొక్కుతుంది. అందువల్ల అంబులెన్సులోనూ మీటరు ఉండాలి, ఘాట్ దాటగానే కొలవాలి.

అభ్యాసం: ఈ వారం మీ వార్డులో ముందు బెలూన్‌ను వేళ్లతో నొక్కి ఒత్తిడి ఎంత ఉంటుందో అంచనా వేసి రాసుకోండి, ఆ తరువాత మీటరుతో కొలిచి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. వచ్చే పాఠంలో, గొట్టం తీసి ఇంటికి పంపిన కొన్ని వారాల తరువాత ఈల వేసినట్టు ఊపిరి వస్తుంటే అది ఉబ్బసమో నాళం ఇరుకో ఎలా అనుమానించాలో, నీళ్లు తాగగానే దగ్గు వస్తే ఎందుకు ఆలస్యం చేయకూడదో నేర్చుకుందాం.