కోనసీమలో ఒక రోజు సైకిల్ ప్రయాణం: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు పట్టుకుని ఆత్రేయపురం, రావులపాలెం, ఆపైన రాజోలు, అంతర్వేది. ఒక్క రోజు తొక్కడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. గుట్టలు లేవు కదా, కష్టమేముందిలే అనుకుంటారు. సగం కష్టాలు ఆ చదును వల్లే. ఎక్కే పని లేని చోట దిగే సుఖమూ ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలు ఆగదు, కూర్చున్న తీరు మారదు.

సమస్య: పంక్చర్ వేసిన చక్రంలోనే మళ్లీ గాలి పోతోంది

గట్ల మీద తుమ్మ ముళ్లు ఎక్కువ. ట్యూబుకు ప్యాచ్ వేశారు గానీ ముల్లు టైరులోనే ఉండిపోయింది. అసలు కారణం ట్యూబే చెబుతుంది. బయటి వైపు ఒక్క చిల్లు ఉంటే ముల్లు. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై, గుంటలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబును నొక్కేసింది. స్పోకుల వైపు చిల్లు పడితే రిమ్ము టేపు (స్పోకుల కొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ములో వేసే పట్టీ) పక్కకు జరిగింది.

ముల్లయితే ట్యూబును వాల్వు దగ్గర సరిచూసి టైరు మీద పరచండి. చిల్లుకు ఎదురుగా ఉన్న చోటే వెతకాలి. టైరు లోపల వేలు పెట్టి తడమకండి, గుచ్చుకుంటుంది. కాస్త దూది తిప్పితే ముల్లున్న చోట పోగు పట్టుకుంటుంది. కొన విరిగి రబ్బరులో కలిసిపోతే దూదికి కూడా దొరకదు. అప్పుడు టైరును లోపలి వైపు పైకి వచ్చేలా వంచండి. నల్లటి చిన్న చుక్క బయటపడుతుంది. పిన్నీసుతో లోపలి నుంచి నెట్టి, బయట గోరుగల్లతో లాగేయండి. చిల్లు దొరక్కపోతే ట్యూబును కాలువలో ముంచి బుడగలు చూడొచ్చు. వేసవిలో కాలువలు కట్టేస్తే సీసాలో నీళ్లే దిక్కు. సన్న వాల్వు (ప్రెస్టా) ఉన్నవాళ్లు అడాప్టర్ జేబులో ఉంచుకోండి. ఊళ్లో సైకిల్ షాపు పంపు దానికి పట్టదు.

సమస్య: మధ్యాహ్నం అయ్యేసరికి బండి లాగట్లేదు

ముందు సైకిల్ ఎత్తి చక్రాలు తిప్పండి. త్వరగా ఆగిపోతే బ్రేకు రాసుకుంటోంది. స్వేచ్ఛగా తిరిగితే టైరు నొక్కి చూడండి. అదీ బాగుంటే తలెత్తి కొబ్బరి ఆకులు చూడండి. ఎండ ముదిరాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. అంతర్వేది వైపు వెళ్లేవాళ్లకు అది ఎదురుగాలి. గేరు తగ్గించి, వేగం మాట మరిచిపోవడమే అప్పటికి మందు. అసలు పరిష్కారం బయల్దేరక ముందే ఉంది: పొద్దున్నే సముద్రం వైపు తొక్కి, మధ్యాహ్నం వెనక్కి తిరగండి. అదే గాలి వీపున తోస్తుంది.

సమస్య: తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నీళ్లు తాగినా దాహం తీరకపోవడం

ఇక్కడి ఉక్కకు చెమట ఆరదు, ఒంట్లో ఉప్పు మాత్రం పోతూనే ఉంటుంది. కొబ్బరిబొండాం మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పోయిన ఉప్పు దానితో పూర్తిగా తిరిగిరాదు. ఉప్పేసిన మజ్జిగ, లేదా ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ తాగి, నీడలో కూర్చోండి. ఆత్రేయపురంలో పూతరేకులు తినండి, కాదనను, కానీ అవి ఈ పనికి రావు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

సమస్య: చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కాయి

అరచేతి అంచున నరం నొక్కుకుంటోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే బరువంతా చేతుల మీదే పడుతుంది, దాన్ని సమంగా చేయండి. పట్టు తరచూ మార్చండి.

సమస్య: వెనక చక్రం దగ్గర పట్టేసినట్టుంది, గేర్లు గెంతుతున్నాయి

కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన గడ్డి. బలంగా తొక్కారో, డిరైల్యర్ (గొలుసును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) స్పోకుల్లోకి వెళ్లి విరుగుతుంది. దిగి, పెడల్ వెనక్కి తిప్పుతూ పోచలు లాగేయండి. ధాన్యం ఆరబోసిన చోట దాని మీదుగా తొక్కకండి. నడిపించుకెళ్లినందుకు ఎవరూ నవ్వరు.

సమస్య: అంతర్వేది నుంచి వస్తుంటే గొలుసు కిచకిచమంటోంది

ఇసుక, ఉప్పుగాలి. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ ఆయిల్ లింకు లింకుకీ చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు. చలి పొద్దున్న సీసాలో గడ్డకట్టే నూనె గొలుసులోనూ గడ్డకడుతుంది.

సమస్య: ఫోన్‌లో దారి ఉంది, ఎదురుగా ఏరు ఉంది

సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లాలంటే వశిష్ఠ గోదావరి మీద పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాలి. వరద వస్తే ఆపేస్తారు, చీకటి పడ్డాక నమ్ముకోలేం. రేవుకు చేరకముందే ఎవరినైనా అడగండి: “బాబాయ్, పంటు తిరుగుతోందాండి?” లేదంటే మలికిపురం మీదుగా దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు దిగాలి. చుట్టే, పైగా హైవే. వెనక లైటు వేసుకోండి.