మందుచీటీ రాసే ముందు అడగాల్సినవి

నా మొదటి పోస్టింగ్ శ్రీకాకుళం తీరంలో ఒక పీహెచ్‌సీ, తర్వాత విజయనగరం వైపు మారాను. మొదటి ఏడాది ఓపీలో నేను ఎక్కువసార్లు అన్న మాట "చెప్పిన మాట వినరు కదా మీరు" అని. ఆ మాట మానిపించింది ఇటుకల బట్టీలో పనిచేసే ఒక పెద్దాయన. షుగర్‌కి గ్లిమిపిరైడ్ రాసి, పొద్దున టిఫిన్‌కి ముందు వేసుకోమన్నాను. ఆయన నాలుగింటికి లేచి మాత్ర వేసుకుని పనికెళ్లిపోయాడు. టిఫిన్ అనేది ఆయన ఎరగడు, పదకొండింటికి క్యారేజీ విప్పుతాడు, అంతే. ఏడింటికల్లా షుగర్ మరీ తగ్గి చెమటలు పట్టి బట్టీ దగ్గరే పడిపోయాడు. అంటే నా మాట విన్నందుకే పడిపోయాడన్నమాట.

కొత్తగా పీహెచ్‌సీకి వచ్చిన డాక్టర్లు, విలేజ్ క్లినిక్‌ల్లో చేరిన సీహెచ్‌వోలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఏఎన్ఎంలు, మీ కోసం రాస్తున్నాను. ఓపీలో తొంభై మంది నిలబడి ఉంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరకడమే గొప్ప, ఇంక ఇవన్నీ ఎప్పుడు అడుగుతాం అంటారు. అన్నీ ఒకేసారి అడగొద్దు. మొదటిసారి ఒకటి అడగండి, మళ్లీ వచ్చినప్పుడు ఇంకొకటి. చెప్పింది ఓపీ పుస్తకంలో పక్కన చిన్నగా రాసుకోండి. మూడు నెలలు తిరిగేసరికి ఆ మనిషి ఇల్లు మీకు కనబడుతుంది.

ముందు తిండి, పని

"మందులు వేసుకుంటున్నారా?" అని అడగడం మానేయండి. ఎవరైనా వేసుకుంటున్నామనే అంటారు, డాక్టరు ముందు లేదని ఎలా చెప్తారు పాపం. "నిన్న ఎన్నింటికి లేచారు, మొదటి ముద్ద ఎన్నింటికి తిన్నారు?" అని అడగండి. మాత్ర ఆ ముద్దతో పాటే పడాలి, గడియారంతో పాటు కాదు. "స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయి, ఒకసారి చూపించండి" అనడం కూడా మంచిదే, కానీ తనిఖీకి వచ్చినట్టు అనకూడదు.

నీళ్ల మాత్ర సంగతి మాకు చదువులో ఎవరూ చెప్పలేదు. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ రాస్తాం, నాలుగు రోజులకే ఆపేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఎందుకంటే మాత్ర పొద్దున పడితే మధ్యాహ్నం దాకా ఒంటేలు ఆగదు, నాట్లకి వెళ్లిన చోట చాటు ఉండదు, ఉపాధి పని దగ్గరా ఉండదు, జీడిపిక్కల బట్టీలో లేస్తే ఆ మేరకు పిక్కలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. ఇది డాక్టరుకి చెప్పడానికి వాళ్లకి సిగ్గు. మీరే ఎత్తాలి: "ఈ మాత్రతో పని దగ్గర ఇబ్బందిగా ఉందామ్మా?" అంటే చాలు, మిగతాది ఆవిడే చెప్తుంది. ఆంలోడిపిన్‌కి మార్చవచ్చేమో చూడండి, కుదరకపోతే ఇంటికొచ్చే వేళకి మాత్ర జరపండి.

తిండి సలహాల దగ్గర మన పుస్తకాలు మరీ దారుణం. పళ్లు తినండి, ఓట్స్ తినండి, ఉప్పు తగ్గించండి. ఇంట్లో కోటా బియ్యం, ఒక ఉప్పుచేప, పచ్చడి ఉన్న మనిషికి ఈ సలహాతో ఏం పని? ఉప్పుచేపని వండే ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయమని చెప్పండి, ఇది చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు చోడి (రాగి) అంబలి మంచిదని చెంబులు చెంబులు తాగేస్తుంటారు. చోళ్లు మంచివే కానీ అంబలి కూడా పిండే, అది అన్నానికి తోడు కాదు, అన్నానికి బదులు. అన్నం కొంచెం తగ్గించి ఉలవలో, పప్పో, ఆకుకూరో పెంచమనడం ఇంట్లో ఉన్నవాటితో అయ్యే పని. ఇన్సులిన్ రాసేటప్పుడు ఫ్రిజ్ ఉందా అని తప్పకుండా అడగండి. లేకపోతే వాడుతున్న సీసాని కవర్లో చుట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో ఉంచుకోమనండి, తెరిచిన సీసా నెల దాటి వాడొద్దనీ చెప్పండి.

రాకపోకల లెక్క

"రేపు పరగడుపున రండి, షుగర్ చూద్దాం." మనకి ఇది ఒక్క ముక్క. వాళ్లకి రెండు రోజుల కూలి, రెండుసార్లు ఆటో, తోడు వచ్చినవాళ్ల కూలి, ఇంట్లో చిన్న గుంటలు, అంటే పిల్లలుంటే వాళ్లని ఎవరికో అప్పజెప్పడం. అందుకే రేపు రారు. వచ్చిన రోజే ర్యాండమ్ షుగర్ చూసేయండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ చేయించే వీలుంటే దానికి పరగడుపు అక్కర్లేదు. పరీక్షలన్నీ ఒకే రాకలో అయ్యేలా ల్యాబ్ టెక్నీషియన్‌తో మాట్లాడి పెట్టుకోండి. రెఫర్ చేసేటప్పుడు కూడా ఏ బస్సు, ఏ గది, ఏ రోజు ఓపీ, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి అన్నది చీటీ వెనక రాయండి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద చూపించుకునేవాళ్లకి ఆస్పత్రిలో దిగగానే ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగమని చెప్పండి. ఈ ఒక్క ముక్క తెలియక సగం మంది గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేస్తారు.

ఇక వలసలు. మన రెండు జిల్లాల్లో ఇది అడగకుండా బీపీ, షుగర్, టీబీ ఏదీ చూడలేం. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ పోతారు, మేస్త్రీ పనికి హైదరాబాద్, చెన్నై పోతారు. 2014లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది పోయినప్పుడు అందులో మనవాళ్లు ఎంతమందో ఇక్కడ ఊళ్లకి ఇంకా గుర్తే. "మళ్లీ ఎప్పుడు ఎలిపోతారు?" అని అడగండి. వెళ్లేవాళ్లకి వీలైనంత ఎక్కువ రోజుల మందులివ్వండి. మందు పేర్లు, డోసు, జబ్బు పేరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్లో ఫోటో తీయించండి, కాగితం వానకి పోయినా ఫోటో ఉంటుంది. టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లయితే వెళ్లే ఊళ్లోని టీబీ సెంటర్‌కి బదిలీ చేయించకుండా పంపొద్దు. టీబీ ఉన్నవాళ్ల తిండికి ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బులు 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు, అవి రావాలంటే బ్యాంకు ఖాతా సరిగా ఉండాలి కాబట్టి అది కూడా ఇక్కడే చూసి పంపండి.

ఇంకో చిట్కా. ఇంటింటి స్క్రీనింగ్ అని ఆగస్టులోనో, సెప్టెంబరులోనో తిరిగితే ముసలివాళ్లూ ఆడవాళ్లే దొరుకుతారు, రిజిస్టర్లో మగవాళ్ల గడులు ఖాళీ. సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటారు. విజయనగరం చుట్టుపక్కలైతే పైడితల్లి సిరిమాను పండగకి వస్తారు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గుజరాత్ వైపు జూన్, జూలైల్లో. బీపీ మిషన్ పట్టుకుని రేవుకి వెళ్లాల్సింది అప్పుడు. పండగ పూట డ్యూటీ ఏంటని సిబ్బంది గొణుగుతారు, న్యాయమే, తర్వాత సెలవిచ్చేయండి.

ఉద్దానంలో పోస్టింగ్ వస్తే

ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం వైపు. అక్కడ పనిచేసేవాళ్లకి ఆ ఊళ్లని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇన్నేళ్ల పరిశోధనల్లో కూడా దీనికి ఫలానాదే కారణం అని తేల్చి చెప్పలేకపోయారు. అయితే పీహెచ్‌సీలో మన చేతిలో ఉన్న పనొకటి ఉంది, నొప్పి మాత్రలు. తోట పనికో, బరువులు మోసే పనికో వెళ్లినవాళ్లు రాత్రికి ఒళ్లు నొప్పులని దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కుంటారు, అది కిడ్నీకి హాని. "అవి వేసుకోకండి" అంటే సరిపోదు, రేపు మళ్లీ పనికి వెళ్లాలి కదా. పారాసిటమాల్ ఇవ్వండి, దుకాణంలో ఏ రంగు మాత్ర ఇస్తున్నారో తెమ్మని చూడండి, వీలైతే దుకాణదారుతో మీరే వెళ్లి మాట్లాడండి. కాళ్ల వాపు లేదు, మూత్రం బాగానే వస్తోంది కదా అని వదిలేయకుండా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడండి, ఈ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయినా ఏ వీధి కొళాయికి నీళ్లు వస్తున్నాయో, ఏ ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారో మీరు అడిగి రాసుకోవాలి. డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఇంట్లో పింఛను వస్తోందా చూడండి, నెలకి 10,000. అది ఆగితే ఆ ఇంట్లో తర్వాత ఆగేది ఆటో, ఆ తర్వాత డయాలసిస్. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడి అంటి కాలిపోయి వేలిముద్ర పడక సచివాలయం చుట్టూ తిరుగుతుంటారు. "పింఛను తీసుకున్నావా అప్పా?" అని అడగడం కూడా వైద్యమేనని ఉద్దానంలో నేర్చుకున్నాను.

ఒంటరిగా మాట్లాడాల్సినవి

ఆడవాళ్లతో ఒక్క నిమిషం అయినా అత్తగారు, భర్త లేకుండా మాట్లాడండి. బీపీ చూడాలి లోపలికి రామ్మా అంటే ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో చివరగా తినేది ఎవరో, దెబ్బలున్నాయో అప్పుడే తెలుస్తుంది. తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లని అడ్డపొగ తాగుతారా అని అడగండి, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం. అడగకపోతే చెప్పరు. టార్చి వేసి అంగిలి చూడండి, తెల్లమచ్చ, మానని పుండు కనబడితే వెంటనే రెఫర్ చేయండి.

"చదువుకున్నారా?" అని పదిమందిలో అడగొద్దు. "ఇంట్లో చీటీ ఎవరు చదివి పెడతారు?" అంటే అదే జవాబు వస్తుంది, పరువూ నిలబడుతుంది. ఎవరూ లేకపోతే కవరు మీద సూర్యుడు, చందమామ గీసి ఇవ్వండి.

కొండ ఊళ్ల దగ్గర నుంచి వచ్చేవాళ్లకి భాష ఇంకో గోడ. సవర మాట్లాడే ఆశాని పక్కన కూర్చోబెట్టుకోండి, పది మాటలు మీరూ నేర్చుకోండి. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి ఆ భాష నేర్చుకున్నారు, మనకి "నొప్పి ఎక్కడ?" అన్నది రాకపోతే ఎలా. డోలీ మోయాల్సిన ఊళ్ల గర్భిణులకి నెలలు నిండాక 108కి ఫోన్ చేయమని చెప్పి ఊరుకోకండి. రోడ్డు లేని చోటికి బండి రాదు. ఎనిమిదో నెలలోనే కిందకి ఎక్కడ దిగాలి, ఎవరింట్లో ఉండాలి, పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది కూర్చుని తేల్చాలి. మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ అమ్మ దిగదు.

రానివాళ్ల లెక్క

ఇదంతా ఓపీకి వచ్చినవాళ్ల గురించే. వేల్స్‌లో గనుల ఊళ్లో పనిచేసిన ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశాడు, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని. మన దగ్గర దాన్ని చూడాలంటే నెలాఖరున ఒక గంట చాలు. ఆశాలందర్నీ కూర్చోబెట్టి ఊరి పటం కాగితం మీద గీయించండి, ఈ నెల మందులు తీసుకున్న ఇళ్లకి టిక్కులు పెట్టించండి. టిక్కులన్నీ రామాలయం చుట్టూ పడి, కాలనీ వైపూ చెరువు గట్టు వైపూ ఖాళీగా ఉంటే క్యాంపు ఎక్కడ పెడుతున్నారో అడగండి. నాకు ఒకసారి అలాగే తేలింది. ఊళ్లకి మందులతో తిరిగే 104 బండి ప్రతిసారీ పెద్ద వీధిలో ఒకరి అరుగు ముందే ఆగుతోంది, ఆ అరుగు దగ్గరికి కాలనీవాళ్లు రారు, ఎందుకు రారో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. తర్వాతి నెల బండిని కాలనీ మొదట్లో ఆపించాం. పెద్ద వీధివాళ్లలో కొందరు రెండు నెలలు అలిగి రాలేదు, మూడో నెల మోకాళ్ల నొప్పులకి వాళ్లే నడుచుకుంటూ వచ్చారు.

ఆ నెలాఖరు మీటింగుకి టీ, బజ్జీ మీ డబ్బులతో తెప్పించండి. పటం గీసేటప్పుడు ఏ ఇంటి తలుపు తాళం వేసి ఉంది, ఎవరు ఎవరితో మాట్లాడరు అన్నవన్నీ ఆశాలు చెప్పడం మొదలుపెట్టేది రెండో టీ దగ్గరే.