ఒకే పేరు, రెండు ఫైళ్లు: గిట్ కోడ్‌లో క్యాపిటల్, స్మాల్ అక్షరాల చిక్కును విడదీయడం

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) కోడ్‌ను, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంతో మామూలు విండోస్ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి (పూర్తి నకలు దించుకొని), ఏ ఫైలునూ తాకకుండా గిట్ స్టేటస్ అడిగితే, కొన్ని ఫైళ్లు అప్పటికే మారాయని చెబుతుంది. అందులో నెట్‌వర్క్ ప్యాకెట్లను వడకట్టే కోడ్ ఉండే నెట్‌ఫిల్టర్ ఫోల్డర్‌లో ఎక్స్‌టీ_టీసీపీఎంఎస్‌ఎస్ అనే పేరుతో చాలా ఏళ్లుగా రెండు సీ ఫైళ్లున్నాయి: చివరి ఆరు అక్షరాలు క్యాపిటల్‌లో ఉన్నది ప్యాకెట్‌లోని విలువను మార్చేది, స్మాల్‌లో ఉన్నది ఆ విలువను సరిచూసేది. లినక్స్‌కు ఇవి వేర్వేరు. విండోస్, మ్యాక్‌లు మాత్రం పేరును మనం రాసినట్టే దాచినా, వెతికేటప్పుడు ఆ తేడాను పట్టించుకోవు కనుక రెండూ ఒకే చోటికి చేరి, ఒక్కటే మిగులుతుంది. ఆ స్థితిలో మార్పులన్నిటినీ కమిట్ చేస్తే, అంటే గిట్‌లో నమోదు చేస్తే, ఒక ఫైలులోని కోడ్ రెండోదాని పేరు మీద చరిత్రలోకి ఎక్కుతుంది. 2018లో వచ్చిన గిట్ 2.20 నుంచి క్లోన్ చివరనే ఢీకొన్న పేర్ల జాబితా కనిపిస్తుంది. దాన్ని చదవకుండా ముందుకు పోవద్దు.

ఇలాంటి కోడ్ మనది కాకపోతే పేర్లు మార్చలేము. అప్పుడు మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీతో, అక్షరాల తేడా పాటించే ఏపీఎఫ్‌ఎస్ (యాపిల్ ఫైల్ సిస్టమ్) వాల్యూమ్‌ను విడిగా చేసుకోవాలి. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సదుపాయం) లోపలి లినక్స్ ఫోల్డర్‌లో క్లోన్ చేయడం అన్నిటికన్నా సులువు.

మన సొంత ప్రాజెక్టుల్లో తరచుగా ఎదురయ్యేది వేరు. మ్యాక్ మీద ఒకరు బటన్ అనే ఫైలు మొదటి అక్షరాన్ని ఫైండర్‌లో క్యాపిటల్ చేసి, ఆ ఫైలును పేరుతో పిలిచే ఇంపోర్ట్ లైన్లనూ అలాగే దిద్దుతారు. గిట్ ఆ పేరు మార్పును గమనించదు, ఇంపోర్ట్ మార్పులను మాత్రం తీసుకుంటుంది. కోడ్ ఆయన దగ్గర చక్కగా నడిచి, కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కూర్చే లినక్స్ బిల్డ్ సర్వర్‌లో ఫైలు దొరకలేదంటూ ఆగిపోతుంది. తెలుగు లిపిలో లేని ఈ తేడా మన కంటికి సులభంగా ఆనదు కూడా. పేరును గిట్ ఎంవీ ఆదేశంతోనే మార్చండి. ఫోల్డర్ అయితే ముందు బటన్_తాత్కాలికం వంటి పేరుకు, అక్కడి నుంచి కావలసిన పేరుకు, రెండు అడుగుల్లో మార్చి ఒకే కమిట్‌లో పెట్టండి. అక్షరాల తేడాను గిట్ పట్టించుకోకుండా చేసే కోర్ ఇగ్నోర్‌కేస్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయమనే సలహా వినబడుతుంది గానీ, అది డిస్క్ స్వభావాన్ని మార్చదు, గిట్‌నే తికమక పెడుతుంది.

ముందుగా పట్టుకోవాలంటే, గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ ఇచ్చే ఫైళ్ల జాబితాను ఎఫ్ ఆప్షన్‌తో సార్ట్‌కూ (అక్షరాల తేడా చూడకుండా వరుసలో పెట్టేది), ఐ, డీ ఆప్షన్లతో యూనిక్‌కూ (పునరుక్తి అయిన పేర్లను మాత్రమే చూపేది) పంపే లైనును బిల్డ్‌లో చేర్చి, ఏ పేరు బయటపడినా బిల్డ్ ఆగేలా చూడండి. ఫోల్డర్ పేర్లలో మాత్రమే తేడా ఉండి లోపలి ఫైళ్లు వేరైతే ఇది పట్టుకోదు. వాటికోసం దారుల్లోని ఫోల్డర్ భాగాన్ని ప్రతి స్థాయిలోనూ విడదీసి, పునరుక్తులు తీసేశాక, అదే పరీక్ష మళ్లీ జరపాలి.