ఐఫోన్‌లో గూగుల్ యాప్‌లే తెరుచుకోవాలంటే
ఐఫోన్‌లో క్రోమ్, జీమెయిల్ వేసుకున్నా లింకు నొక్కగానే సఫారీయే వస్తోందా? యాప్ ఉంటే చాలదు, డిఫాల్ట్ (ఫోన్ తనంతట తాను తెరిచే యాప్) కూడా మార్చాలి. బ్రౌజర్, మెయిల్ మార్చుకునే వీలు 2020లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14తోనే వచ్చింది. ఐఓఎస్ 18.2 నుంచి మరీ తేలిక: సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో పైనే డిఫాల్ట్ యాప్స్.

అసలు పేచీ మ్యాప్స్‌తోనే. చాలా దేశాల్లో దాన్ని అక్కడ మార్చనివ్వరు. ఒక అడ్డదారి ఉంది. జీమెయిల్ సొంత సెట్టింగ్స్‌లో విడిగా ఇంకో డిఫాల్ట్ యాప్స్ ఉంటుంది, అక్కడ గూగుల్ మ్యాప్స్ ఎంచుకోండి. కనీసం మెయిల్‌లో వచ్చిన అడ్రస్‌లైనా నేరుగా అందులో తెరుచుకుంటాయి, కాపీ-పేస్ట్ గోల తప్పుతుంది.

ఎప్పుడైనా క్రోమ్‌ను డిలీట్ చేస్తే డిఫాల్ట్ వేరే బ్రౌజర్‌కు పోతుంది. మళ్లీ వేసుకున్నాక ఇంకోసారి ఎంచుకోవాల్సిందే.