కార్తీకంలో బోటు మాట్లాడుకునే ముందు

కర్నూలు వైపు నుంచి సంగమేశ్వరానికి, శ్రీశైలం జలాశయంలో షికారుకు బోటు మాట్లాడుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

– జలాశయానికి వరద వస్తుంటే ప్రయాణం మానుకోండి, అడ్వాన్స్ పోయినా సరే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు గోదావరిలో వరద ఉండగానే బయల్దేరింది.

– లైఫ్ జాకెట్ ఎక్కకముందే వేసుకుని పట్టీలు బిగించండి. సీటు కింద ఉంటే లేనట్టే, బోటు ఒరిగాక వెతికే టైమ్ ఉండదు. పెద్దల జాకెట్ పిల్లలకు తల మీదుగా జారిపోతుంది. వాళ్ల సైజువి ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడగండి. లేవంటే పిల్లల్ని ఎక్కించొద్దు, ఎంత మారాం చేసినా.

– లైసెన్స్ ఉందా, ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. చంటిపిల్లలూ లెక్కలోకే వస్తారు.

– ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి, బోటు ఒరుగుతుంది.

– అవతల తెలంగాణ ఒడ్డున ఉన్న సోమశిల దాకా వెళ్లేట్టయితే రానూపోనూ డీజిల్ సరిపోతుందా చూసుకోండి. చీకటి పడకముందే ఒడ్డుకు చేరాలి. గాలి మొదలైతే అంతకన్నా ముందే.

– జలాశయం నిండుగా ఉన్నప్పుడు పాత సంగమేశ్వరాలయం నీళ్లలోనే ఉంటుంది. నీటిమట్టం బాగా తగ్గాకే దర్శనం. ఆశపడి వచ్చే పెద్దవాళ్లకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పండి.