హైబ్రిడ్ బండిలో పెట్రోల్ కారినా, దారిలో శక్తి పడిపోయినా ఏం చేయాలి?

ఒక సంక్రాంతికి విజయనగరం నుంచి పలాస వైపు ఏడుగురం మా హైబ్రిడ్ బండిలో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మీద తిరిగే మోటారు కూడా ఉండే బండి) బయలుదేరాము. రణస్థలం దాటిన తరువాత మధ్య వరుసలో కూర్చున్న మా అమ్మ, "ఏటో కిరసనాయిలు కంపు కొడతంది బాబూ" అంది. ముందు వెళ్తున్న లారీ పొగ అయివుంటుందని నేను పట్టించుకోలేదు. చిలకపాలెం చేరేలోపు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం ఎనభై నుంచి నలభైకి పడిపోయి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగింది. బండిని ఎడమ అంచుకు తెచ్చి ఆపాను. ఇంజిన్ చప్పుడు లేదు కనుక బండి ఆగిపోయిందనుకుని బానెట్ ఎత్తి లోపలికి వంగాను. నా ముఖానికి జానెడు దూరంలో ఇంజిన్ తనంతట తానే స్టార్ట్ అయింది. పెట్రోల్ పైపు కింద భాగమంతా తడిగా మెరుస్తోంది. నిప్పు అంటుకోకపోవడం మా అదృష్టమే తప్ప అందులో నా జాగ్రత్త ఏమీ లేదు.

హైబ్రిడ్ నడిపే ప్రతి కుటుంబం మొదట తెలుసుకోవలసిన విషయం ఇదే. మామూలు కారులో చప్పుడు ఆగితే ఇంజిన్ ఆగినట్టు. హైబ్రిడ్‌లో చప్పుడు లేకపోవడం అంటే ప్రస్తుతానికి ఇంజిన్ అవసరం లేదని మాత్రమే. డాష్‌బోర్డు మీద "రెడీ" అనే దీపం వెలుగుతున్నంతసేపు బ్యాటరీ తగ్గినా, ఏసీకి శక్తి కావలసి వచ్చినా ఇంజిన్ ఏ క్షణంలోనైనా మేలుకుంటుంది. అందువల్ల పెట్రోల్ వాసన వచ్చినప్పుడు బండిని ఆపడంతో పని పూర్తి కాదు. గేరు "పి"లో పెట్టి, పవర్ బటన్ నొక్కి, రెడీ దీపం ఆరిందని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. తాళం జేబులో పెట్టుకుని బండికి దూరంగా వెళ్లాలి. లోపల మిగిలిన పిల్లవాడు పొరపాటున బటన్ నొక్కినా అప్పుడు బండి స్టార్ట్ కాదు.

నడుస్తున్న బండిలో వాసన వస్తే ముందుగా ఏసీ బ్లోయర్ ఆపి అద్దాలు దించండి. బయటి గాలిని లోపలికి లాగే ఆ ఫ్యానే ఆవిరిని కూడా మోసుకొస్తుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది, కనుక అది పైకి తేలిపోకుండా బండి కిందా, రోడ్డు పక్క పల్లంలోనూ పేరుకుంటుంది. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన ఉన్నా అంటుకోగల ఇంధనం అది. మన ఎండల్లో దానికి చిన్న నిప్పురవ్వ చాలు. అందుచేత కాలువ గట్టు పక్కన పల్లపు చోట కాక, గాలి ఆడే మెరక మీద ఆపాలి. అందరినీ ఎడమ తలుపుల నుంచే దింపాలి. మూడో వరుసలోని పిల్లలు బయటికి రావాలంటే మధ్య సీటు మడవాలి. ఆ మీట ఎక్కడుందో, దాన్ని ఎటు లాగాలో ఇంటి దగ్గర ఒకసారి వాళ్ల చేతనే చేయించి చూడండి. మా మనవరాలికి అది తెలియక ఆ రోజు చాలాసేపు లోపలే ఉండిపోయింది, నాకు ఇప్పటికీ గుర్తొచ్చే భయం అదే. దిగిన వాళ్లంతా గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపుకు బాగా దూరంగా నడిచిన తరువాతే ఫోన్ తీయాలి. జాతీయ రహదారి మీద 1033, అత్యవసరానికి 112, అగ్నిమాపక శాఖకు 101. మంట లేచిందా, నీళ్లు చల్లకూడదు, ఎందుకంటే పెట్రోల్ నీటి మీద తేలి మంటను మరింత పరుస్తుంది. మంట చిన్నదిగా ఉండి, చేతిలో మంటలార్పే పొడి రసాయన సిలిండర్ ఉంటేనే ప్రయత్నించాలి, లేకపోతే బండిని వదిలేయాలి.

వాసన లేకుండా శక్తి మాత్రమే పడిపోవడం వేరే సంగతి, దానికి ఓర్పు కావాలి. హజార్డ్ దీపాలు వేసి, వెనుక వచ్చే లారీలను అద్దంలో చూసుకుంటూ మెల్లగా ఎడమ అంచుకు చేరాలి. కంగారులో నడుస్తున్న బండి పవర్ బటన్ నొక్కకండి. కరెంటు సాయం పూర్తిగా పోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది, కానీ రెండూ పని చేస్తాయి. బ్రేకును పదేపదే కొట్టకుండా ఒకే బలంతో నిలకడగా తొక్కి పట్టుకోవాలి.

కారణాల్లో కొన్నింటిని మీరే కనిపెట్టగలరు. చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి సీటు దగ్గరున్న చిన్న జాలీ గుండా వెళ్తుంది. పెళ్లికి వెళ్తూ చీరల సంచులో, దుప్పట్లో దానికి అడ్డంగా కుక్కితే బ్యాటరీ వేడెక్కి బండి తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. బండ్లో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ నీరసించినా వింత హెచ్చరికలన్నీ ఒకేసారి వెలుగుతాయి. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి "కరెంటు మీద ఇంటికి పోదాం" అనుకోవడం పెద్ద తప్పు, పెద్ద బ్యాటరీ కొద్ది దూరానికే చాలుతుంది. తుఫాను నీరు బంకు భూగర్భ ట్యాంకులోకి దిగితే మరో ఇబ్బంది ఉంది. ఇప్పుడు మనకు దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది నీటిని లాక్కుని పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున చేరుతుంది. పంపు ముందు లాగేది ఆ అడుగు ద్రవాన్నే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాల వాళ్లం కనుక, వరద తగ్గిన వెంటనే మునిగిన బంకులో ట్యాంకు నింపించకపోవడం మంచిది. నింపిన కాసేపటికే బండి మొరాయిస్తే బిల్లు దాచి ఉంచండి.

లోపం ఎప్పుడూ మనదే కాదు. అమెరికాలో 2023 జనవరిలో క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ మినీవ్యాన్లను 67 వేలకు పైగా వెనక్కి పిలిచారు. ట్రాన్స్‌మిషన్ లోపలి వైరింగ్‌లో షార్ట్ వచ్చి, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోవచ్చన్నది కారణం. మన దేశంలోనూ లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే నిబంధన 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆర్‌సీ మీది చాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇంట్లో పెట్రోల్ కారుడు (లీకు) పట్టుకోవడానికి చాలా చవకైన ఉపాయం ఉంది. రాత్రి బండి కింద, ముందు చక్రాల మధ్య ఒకటి, ట్యాంకు కింద ఒకటి, పాత అట్టపెట్టె ముక్కలు పరచండి. ఏసీ నీరు పడితే మచ్చ వాసన లేకుండా ఆరిపోతుంది. పెట్రోల్ త్వరగా ఎగిరిపోయినా అట్ట మీద వలయంలాంటి అంచు మిగులుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. వాసన ఎప్పుడు వస్తుందో రాసిపెట్టుకోండి. ట్యాంకు నింపిన రోజు మాత్రమే వస్తే అనుమానం మూత మీదా, నింపే గొట్టం మీదా, ట్యాంకు పైనున్న పంపు సీలు మీదా ఉండాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే వస్తే ముందు వైపు పైపులూ, ఇంజెక్టర్లూ చూడాలి. బంకులో నాజిల్ టక్కుమని ఆగిన తరువాత "ఇంకో యాభై రూపాయలది పొయ్యి" అనే అలవాటు మానండి, పొంగిన పెట్రోల్, ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.

మా బండికి వచ్చిన జబ్బు ఎలుక. కల్లం నుంచి ధాన్యం బస్తాలు ఇంటికి చేరే రోజుల్లో వసారాలో నిలిపిన బండి వాటికి వెచ్చటి ఇల్లు. పైపు మీద సన్నటి రెండేసి గాట్లు, పక్కన వడ్ల పొట్టు కనిపించాయి. అందుకే ఆ కాలంలో నేను బస్తాలకు దూరంగా బండి నిలుపుతాను, వారానికోసారి టార్చి పట్టుకుని బానెట్ కింద చూస్తాను. పొట్టు, పెంటికలు కనిపిస్తే స్టార్ట్ చేయకముందే పైపులు తడుముతాను. నారింజ రంగు కేబుళ్లను మాత్రం ముట్టను, మీరూ ముట్టకండి, వాటిలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

అనుమానంతో షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు బండి చల్లగా, నిశ్శబ్దంగా ఉండగా చూసి "ఏమీ లేదు" అంటే ఒప్పుకోకండి. ఆ సంక్రాంతి ప్రయాణానికి రెండు వారాల ముందు నాకూ అదే మాట చెప్పి పంపించారు. పైపులో ఒత్తిడి ఉన్నప్పుడే కారుడు బయటపడుతుంది. ఇంజిన్‌ను ఆగకుండా నడిపించే మెయింటెనెన్స్ మోడ్ చాలా హైబ్రిడ్లలో ఉంది. హైబ్రిడ్ పని తెలిసిన మెకానిక్ చేత ఆ మోడ్‌లో పెట్టించి, కీళ్ల దగ్గర వెతికించండి. దెబ్బతిన్న పైపుకు టేపు చుట్టనివ్వకండి, కొత్తది వేయించండి. బండిని లాగించవలసి వస్తే నాలుగు చక్రాలూ పైకెక్కే బల్ల బండినే పిలిపించండి. ముందు చక్రాలు నేల మీద దొర్లితే వాటితో కలిసి మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, దానివల్ల లోపలి భాగాలు కాలిపోయే ప్రమాదం ఉంది.