ఉద్యోగం మాని మట్టిపాత్రలు చేస్తానని ఇంట్లో ఎలా చెప్పాలి

అకౌంట్స్ ఉద్యోగం వదిలేస్తానని నేను మొదటిసారి చెప్పింది చుట్టాలందరి ముందు. అది నా పొరపాటు. అంతమందిలో నాన్నకు "వద్దు" అనడం తప్ప వేరే దారి లేకపోయింది. మీరు మాత్రం ఒక్కరితోనే, తీరిక చూసుకుని మొదలుపెట్టండి.

రెండోసారి అమ్మతో మాట్లాడాను. నా ఇష్టం సంగతి ఎత్తకుండా, "నీకు దేనికి భయం?" అని అడిగి, అడ్డు రాకుండా విన్నాను. నలుగురూ ఏమంటారోనని బాధపడుతోందనుకున్నాను. ఆమె అడిగింది వేరు: "ఆ దుమ్ము రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయి?"

సరైన ప్రశ్న. ఎండిన మట్టి దుమ్ములో సిలికా అనే ఖనిజం ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. నేనప్పటిదాకా ఆ ఆలోచనే చేయలేదు. నాకు పని నేర్పే ఆవిడను అడిగాను. పని చేసే చోట చీపురుతో ఊడ్వకూడదు, తడిగుడ్డతో తుడవాలి, గ్లేజు (పాత్రలకు వేసే గాజులాంటి పూత) పొడి కలిపేటప్పుడు సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి. ఇదంతా చేసి చూపించాక అమ్మే నాన్నతో మాట్లాడింది. అందుకే చెబుతున్నాను, వాళ్ల భయానికి వెంటనే జవాబు చెప్పేయకండి. కనుక్కుని వస్తానని చెప్పి, నిజంగా కనుక్కుని రండి.

నాన్నది డబ్బు టెన్షన్. ఒక నోట్‌బుక్‌లో నెల ఖర్చు, దాచుకున్నది ఎన్ని నెలలకు సరిపోతుందో రాశాను. నాకు ఎనిమిది నెలలు వచ్చింది. ఇద్దరు క్లయింట్ల లెక్కలు చూసే పని మానలేదు. ఫలానా నెలకు ఇంత రాకపోతే మళ్ళీ ఉద్యోగంలో చేరతానని తేదీ వేసి ఇచ్చాను. ఆ తేదీ రాయడానికి చాలా కష్టమనిపించింది, అయినా రాయండి.

తర్వాత వాళ్లను పని దగ్గరికి తీసుకెళ్లండి. బట్టీ తెరిచే రోజు నాన్నను రమ్మన్నాను. మొదటి కాల్పు సుమారు 1000 డిగ్రీల దాకా వెళుతుంది, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. పదకొండు కప్పుల్లో మూడు పగిలాయి. వాటిని దాచాలనిపించింది, కానీ దాచలేదు. ఎందుకు పగిలాయని నాన్న అడిగారు. గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే ఒకేలా ఆరదని చూపించాను. పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని, అంచు మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

ఆయన ఇప్పటికీ "సరే" అనలేదు. బట్టీ తెరిచిన ప్రతిసారీ మాత్రం ఫోన్ చేసి, ఈసారి ఎన్ని పగిలాయని అడుగుతారు.